హోటల్ భోజనం: ఎవరికి సెలవు, ఎవరికి చాకిరి?

స్త్రీలకు వంటింటి చాకిరి నుంచి విముక్తి ఎప్పుడని మనం దశాబ్దాలుగా మాట్లాడుకుంటూ వస్తున్నాం. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్ళను అడిగితే ఆ సమస్య ఎప్పుడో తీరిపోయిందంటారు. "శుక్రవారం వచ్చిందంటే మా ఇంట్లో పొయ్యి వెలగదండీ, ఆవిడకి పూర్తి రెస్టు" అని భర్తలు చెప్పుకుంటారు. ఆ సాయంత్రానికి చైనా హోటలో, థాయి హోటలో, వియత్నాం వాళ్ళ నూడుల్సో, బర్మా వాళ్ళ తేయాకు సలాడో, అదీ కాదంటే మనవాళ్ళ దోసెల హోటలో ఏదో ఒకటి ఉండనే ఉంది. ఆసియా ఖండంలోని రుచులన్నీ అరగంట కారు ప్రయాణంలో దొరికే ఊరది. వారంలో ఒక్క పూట పొయ్యి ఆర్పినందుకు ఇంత గర్వమెందుకో, మిగిలిన ఇరవై పూటల లెక్క ఎవరూ ఎందుకు తీయరో వేరే చర్చ. నేను అడగదలుచుకున్నది ఇంకొకటి. ఆ శుక్రవారం పూట వంట ఎవరు చేసినట్టు?

వంట ఎక్కడికీ పోలేదు. ఒక ఇంటి నుంచి లేచి, అద్దాల తలుపుకి అవతల, స్వింగు డోరుకి వెనకాల, కొన్ని చోట్ల నేల మాళిగలోకి వెళ్ళింది. అక్కడ దాన్ని చేస్తున్నది మరొక స్త్రీ, లేదా నిన్నగాక మొన్న ఏ చైనా పల్లె నుంచో, ఏ మెక్సికో ఊరు నుంచో వచ్చిన పురుషుడు. డిమ్‌సమ్ అనే చైనావారి ఆవిరి పిండివంటల్ని ఎప్పుడైనా తిన్నవాళ్ళకి తెలుస్తుంది. పలచటి పిండి పొరలో రొయ్యల ముక్కలు పెట్టి, పది పన్నెండు మడతలు వేసి మూసిన చిన్న పొట్లాలవి. యంత్రం సరిగ్గా చేయలేని పని. గంటల తరబడి నిలబడి వేళ్ళతో మడవాలి. మన ఇళ్ళలో కజ్జికాయలు వత్తే అత్తలూ పిన్నమ్మలూ పండగకి ఒకరోజు ఆ పని చేస్తేనే నడుము పట్టేసిందంటారు. రోజుకి పది గంటలు, వారానికి ఆరు రోజులు అదే పని చేస్తే ఆ వేళ్ళు ఏమవుతాయో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ పనికి కూలి ఎంత? చట్టంలో చూస్తే ఆ రాష్ట్రం దేశంలో చాలా రాష్ట్రాలకంటే మెరుగు. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం టిప్పులు వచ్చే పనివాళ్ళకి యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు వేతనం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అది ఒక్క సెంటు కూడా పెరగలేదు. టిప్పులు కలిపినా మామూలు కనీస వేతనానికి చేరకపోతే తేడా యజమాని భర్తీ చేయాలి, కానీ ఆ లెక్క అడిగేదెవరు? కాలిఫోర్నియాలో ఈ మోసానికి చోటు లేదు. టిప్పు వచ్చినా రాకపోయినా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే, టిప్పుని యజమాని ముట్టుకోకూడదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఇంకా ముందుకు పోయి 2003లో ఓటర్ల తీర్పుతో సొంత కనీస వేతనం తెచ్చుకుంది. 2024 జూలైలో అది గంటకి 18.67 డాలర్లయింది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

కాగితం కింద ఏముందో 2010లో బయటపడింది. ఆ నగరంలోని చైనాటౌన్‌లో చైనీస్ ప్రోగ్రెసివ్ అసోసియేషన్ అనే కార్మికుల సంస్థ, విశ్వవిద్యాలయ పరిశోధకులతోనూ నగర ఆరోగ్యశాఖతోనూ కలిసి ఒక సర్వే చేసింది. హోటళ్ళలో పనిచేసే వాళ్ళకే శిక్షణ ఇచ్చి వాళ్ళ చేతే ప్రశ్నలు అడిగించడం దాని విశేషం. మన సంస్థల్లో బయటినుంచి ఫారాలు పట్టుకొచ్చి అరగంటలో వెళ్ళిపోయే పరిశోధకులని చూసి విసిగిపోయిన వాళ్ళు ఈ పద్ధతి గమనించాలి. 433 మంది కార్మికులు జవాబిచ్చారు. అందులో సగం మందికి కనీస వేతనం అందటం లేదు. దాదాపు సగం మందికి ఏడాదిలో ఒక్కసారైనా ఒళ్ళు కాలింది. హోటళ్ళను విడిగా పరిశీలిస్తే మూడింట రెండు వంతుల చోట్ల కార్మిక చట్టాల గురించి గోడకి అంటించాల్సిన కాగితాలు లేవు. నేలంతా నూనె, నీళ్ళు. జారిపడటం అక్కడ ప్రమాదం కింద లెక్క కాదు, రోజువారీ అలవాటు.

ఇక్కడ చాలామంది అనే మాటొకటి ఉంది. "చైనా వాళ్ళు వాళ్ళలో వాళ్ళు అలాగే ఉంటారండీ, బంధువులకి బంధువులు పనిచేసి పెడతారు, జీతం గీతం పట్టించుకోరు." ఇంత తేలిగ్గా ఈ మాట ఎలా అనగలుగుతున్నారు? ఆ హోటళ్ళు అలా ఎందుకు తయారయ్యాయో కాస్త చరిత్ర చూడాలి. 1849 బంగారం వేట కాలం నాటికే శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా భోజనశాల ఉంది. గనుల్లో, రైలు మార్గాల్లో వాళ్ళ శ్రమ పిండుకున్నాక అదే దేశం 1882లో చైనా కార్మికులు రాకుండా చట్టం చేసింది. దానికి ఏడేళ్ళ ముందే, 1875లో, పేజ్ చట్టం వచ్చింది. వేశ్యావృత్తి కోసం స్త్రీలను తీసుకురాకుండా ఆపడమే దాని ఉద్దేశమని చెప్పుకున్నారు. ఆచరణలో ఓడ దిగాలనుకున్న ప్రతి చైనా స్త్రీ తాను వేశ్యను కానని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. ఫలితం 1890 జనాభా లెక్కల్లో కనిపిస్తుంది: దేశం మొత్తం మీద చైనా వాళ్ళలో ఇరవై ఏడు మంది పురుషులకి ఒక స్త్రీ. మిగిలిన పనుల నుంచి తరిమేస్తే ఆ పురుషులు చేరింది రెండే రెండు చోట్లకి, బట్టలుతికే షాపులకీ వంటశాలలకీ. అంటే ఆడవాళ్ళ పనులుగా తెల్లవాళ్ళు తీసిపారేసిన వాటిలోకి. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటల్ యజమానికి "వ్యాపారి" హోదా దక్కింది. వ్యాపారి అయితే చైనా వెళ్ళి రావచ్చు, కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. దాంతో ఊరూరా చైనా హోటళ్ళు పుట్టుకొచ్చాయి. నలుగురైదుగురు డబ్బు కలిపి ఒక హోటల్ పెట్టి వంతులవారీగా "యజమాని" అయ్యేవారు. వంట మీద ప్రేమతో పుట్టిన వ్యాపారం కాదది. భార్యాబిడ్డలని చూసుకోవటానికి చట్టం వదిలిన ఏకైక సందు.

చట్టం 1943లో రద్దయింది, 1965 తర్వాత స్త్రీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. వచ్చి ఏం చేశారు? కుట్టు మిషన్ల దగ్గర కూర్చున్నారు, లేదా పిండి పొట్లాలు మడిచారు. కుటుంబ హోటల్ అని ముచ్చటగా పిలుచుకునే చోట భార్య, అత్త, బడి నుంచి వచ్చిన కూతురు అందరూ పనివాళ్ళే. జీతాల పుస్తకంలో వాళ్ళ పేర్లు ఉండవు. లైసెన్సు మీద భర్త పేరుంటుంది. మన పల్లెల్లో పట్టా పాసుపుస్తకం మీద ఎవరి పేరుంటుందో, కలుపు ఎవరు తీస్తారో తెలిసిన వాళ్ళకి ఇది కొత్త కథ కాదు.

ఇంతకీ ఆసియా భోజనం ఎందుకంత చవగ్గా ఉండాలి? న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బోధించే కృష్ణేందు రే 2016లో వలసవచ్చిన వాళ్ళ హోటళ్ళ మీద ఒక పుస్తకం రాశారు. ఏ దేశపు భోజనానికి జనం ఎంత ఇస్తారన్నది ఆ దేశం నుంచి వచ్చిన వలస జనం హోదాని బట్టి మారుతుందని ఆయన వాదన. ఫ్రెంచి భోజనానికి, జపాను భోజనానికి అడిగినంత ఇస్తారు. చైనాదైనా మనదైనా "చవగ్గా, కడుపునిండా" ఉండాలంటారు. నేను చూసినంతలో ఈ మాట అక్షరాలా నిజం. ఇటలీ వాళ్ళ సేమ్యాకి ఇరవై అయిదు డాలర్లు మారుమాట లేకుండా ఇచ్చిన మన ఇంజనీర్లే, చైనా నూడుల్సు పదిహేను దాటితే మొహం చిట్లిస్తారు. మసాలా దోసె ధర పెరిగితే ఇక చెప్పనే అక్కర్లేదు, ఇండియాలో ఎంతో లెక్కగట్టి మరీ బాధపడతారు! శ్రమ రెండు చోట్లా ఒకటే. గోధుమ పిండి రెండు చోట్లా ఒకటే. తక్కువ పడింది చేసిన మనిషి విలువ.

చవకదనానికి తోడు అనుమానం. 1968లో ఒక అమెరికా వైద్య పత్రికలో, చైనా హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కినట్టుందని ఒక డాక్టరు ఉత్తరం రాశాడు. దానికి "చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్" అని పేరు కూడా పెట్టారు. అజినొమోటో మీద నేరం మోపారు. తర్వాత జరిగిన పరీక్షల్లో అది నిలబడలేదు. అదే ఉప్పు చిప్సు పొట్లాల్లో, డబ్బా సూపుల్లో దండిగా ఉన్నా ఎవరికీ మెడ తిమ్మిరెక్కలేదు. తినేవాడి మెడ గురించి యాభై ఏళ్ళు చర్చ జరిగింది. వండేవాళ్ళ మెడ, భుజం, మణికట్టు గురించి చర్చ జరగటానికి ఆ 433 మంది స్వయంగా నోరు విప్పాల్సి వచ్చింది.

"స్త్రీలు యజమానులైతే పరిస్థితి మారుతుంది" అని వాదించే మిత్రులున్నారు. స్త్రీల వ్యాపార దక్షత గురించి సభలు పెట్టే వాళ్ళకి సిసిలియా చాంగ్ చాలా ఇష్టమైన ఉదాహరణ. ఆమె గొప్పతనాన్ని నేను తగ్గించను. 1920లో చైనాలో సంపన్న కుటుంబంలో పుట్టింది. ఇంట్లో వంటవాళ్ళుండేవారు, పిల్లల్ని వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. జపాను సైన్యం ఆక్రమణ నుంచి తప్పించుకుని అక్కచెల్లెళ్ళిద్దరూ నెలల తరబడి వందల మైళ్ళు నడిచారు. శాన్‌ఫ్రాన్సిస్కోకి సోదరిని చూడటానికి వచ్చినప్పుడు పరిచయస్థులు హోటల్ పెడతామంటే పదివేల డాలర్లు అడ్వాన్సు కట్టింది, వాళ్ళు తప్పుకున్నారు. డబ్బు వెనక్కి రాక తానే 1961లో "మాండరిన్" తెరిచింది. ఆమె మాట్లాడే చైనా భాష వేరు, చైనాటౌన్ వ్యాపారుల భాష వేరు, సరుకు అప్పివ్వటానికి కూడా వాళ్ళు ఒప్పుకోలేదు. చాప్ సూయ్ తప్ప మరొకటి తెలియని ఊరికి ఉత్తర చైనా వంటని పరిచయం చేసి, నూరేళ్ళు బతికి 2020లో చనిపోయింది. మంచిదే. కానీ ఒక స్త్రీ గల్లా పెట్టె దగ్గర కూర్చున్నంత మాత్రాన గిన్నెలు తోమే స్త్రీకి గంటల లెక్క సరిగ్గా వస్తుందన్న హామీ ఎక్కడుంది? ఒకరిద్దరు పైకెక్కిన కథలు చెప్పి కింద ఉన్నవాళ్ళని ఓపిక పట్టమనటం పాత ఎత్తే.

నన్నడిగితే చెప్పాల్సిన కథ యాంక్ సింగ్ కార్మికులది. అది శాన్‌ఫ్రాన్సిస్కో బాంకుల వీధుల దగ్గర పేరుమోసిన డిమ్‌సమ్ హోటల్. 2009లో జేమ్స్ బియర్డ్ వారి పురస్కారం కూడా అందుకుంది. చైనాటౌన్ ఇరుకు కొట్టు కాదు, తెల్ల గుడ్డ పరిచిన బల్లలు. అక్కడా అదే తంతు: తక్కువ వేతనం, ఓవర్‌టైముకి డబ్బులేకపోవటం, టిప్పుల్లో కోత, అన్నం తినటానికి విరామం ఇవ్వకపోవటం. కార్మికులు రహస్యంగా ఒకరింట్లో ఒకరు కలుసుకోవటం మొదలుపెట్టారు. చైనీస్ ప్రోగ్రెసివ్ అసోసియేషన్, ఆసియా వాళ్ళ న్యాయ సహాయ సంస్థ ఒకటి అండగా నిలిచాయి. రాష్ట్ర లేబర్ కమిషనర్ దర్యాప్తు జరిగింది. చివరికి 2014లో ప్రకటించిన ఒప్పందం ప్రకారం సుమారు 280 మందికి నలభై లక్షల డాలర్ల బకాయిలు వచ్చాయి. అంతకంటే ముఖ్యం, సెలవులు, ఆరోగ్య బీమా, మెరుగైన జీతం కూడా ఒప్పందంలో చేరాయి. హోటల్ మూతపడలేదు. "జీతాలు పెంచితే హోటళ్ళు మూసుకోవాల్సిందే" అనే యజమానుల శాపనార్థాలకి ఇది ఒక్కటే జవాబు చాలు.

చైనా వాళ్ళ గురించి ఇంతసేపు చెప్పాను కాబట్టి మన సంగతికి వస్తాను. "మనవాళ్ళు అలా చేయరు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోకి అఖాతం అవతల బర్క్‌లీ ఉంది. 1975లో అక్కడ "పసంద్" అనే హోటల్ మొదలైంది. ఇడ్లీ, దోసె, సాంబారు. ఆ రోజుల్లో ఇంటి మీద బెంగ పెట్టుకున్న మన విద్యార్థులకి అదొక పుణ్యక్షేత్రం. యజమాని లకిరెడ్డి బాలిరెడ్డి, కృష్ణా జిల్లా మైలవరం దగ్గర వెల్వడం గ్రామస్థుడు. 1960లో ఇంజనీరింగ్ చదవటానికి వెళ్ళి, హోటలుతో పాటు వెయ్యికి పైగా అపార్ట్‌మెంట్లకి అధిపతి అయ్యాడు. సొంత ఊళ్ళో బడులు, కాలేజీ కట్టించిన దాత.

1999 నవంబరు 24న ఆయన అపార్ట్‌మెంట్లలో ఒకదానిలో పదిహేడేళ్ళ తెలుగు అమ్మాయి కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుతో చనిపోయింది. గది వెచ్చబరిచే యంత్రం గొట్టం పూడిపోయి ఉంది. పదిహేనేళ్ళ చెల్లెలు చావు తప్పి బయటపడింది. కార్పెట్‌లో చుట్టిన మనిషిని కొందరు మగవాళ్ళు వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే కారులో పోతున్న ఒక స్త్రీ చూసింది. చూసి ఊరుకోలేదు. ఆపి, అరిచి, పోలీసులకి కబురు చేయించింది. ఆమె "మనకెందుకులే" అనుకుని వెళ్ళిపోయి ఉంటే ఈ రోజు ఈ వ్యాసంలో ఈ భాగం ఉండేది కాదు.

పెద్ద పత్రికలు దాన్ని ఒక ప్రమాదంగా రాసి వదిలేశాయి. బర్క్‌లీ హైస్కూలు పిల్లలు నడిపే పత్రిక మాత్రం ఒక చిన్న ప్రశ్న వేసింది: ఈ వయసు అమ్మాయిలు మన బడిలో ఎందుకు లేరు? ఆ ప్రశ్న వెనకాల వెళితే మొత్తం కథ కదిలింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పేరుతో ఒకడికి వీసా, వాడి కూతుళ్ళుగా, భార్యగా అబద్ధపు కాగితాలతో పేద కుటుంబాల పిల్లలు. వాళ్ళలో దళిత కుటుంబాల వాళ్ళున్నారు. అక్కడికి చేరాక హోటల్లో పని, అపార్ట్‌మెంట్లు కడిగే పని, యజమాని లైంగిక దోపిడీ. 2000 జనవరిలో ఆయన్ని అరెస్టు చేశారు. 2001లో నేరం ఒప్పుకున్నాడు, 97 నెలల జైలు, బాధితులకి ఇరవై లక్షల డాలర్ల పరిహారం. 2008లో విడుదలయ్యాడు. 2021లో చనిపోయాడు.

ఆయన ఒప్పుకున్న నేరాలేమిటో చూడండి. మైనర్లను లైంగిక అక్రమానికి తరలించటం, వలస చట్టాల్ని మోసగించే కుట్ర, పన్నుల లెక్క తప్పుగా చూపటం. మొదటిది సరే. మిగిలిన రెండూ ప్రభుత్వానికి జరిగిన మోసాలు. సర్కారుకి ఎగ్గొట్టిన పన్ను నేరాల జాబితాలో చేరింది. ఆ పిల్లలకి ఎగ్గొట్టిన కూలి చేరలేదు! పెనం దగ్గర నిలబడ్డ గంటలకీ, తుడిచిన మెట్లకీ లెక్క కావాలంటే బాధితులు విడిగా సివిల్ దావా వేయాల్సి వచ్చింది. అది 2004లో పరిష్కారమైంది. బలవంతపు చాకిరిని గట్టిగా నేరం చేసి, బాధితులకి దేశంలో ఉండే వీసా ఇచ్చే కేంద్ర చట్టం 2000 అక్టోబరులో వచ్చింది. ఈ పిల్లలు వచ్చేనాటికి అది లేదు.

ఆ హోటల్లో అన్నేళ్ళపాటు దోసెలు తిన్న వాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరు? బల్ల తుడవటానికి వచ్చిన పిల్ల తెలుగులో మాట్లాడుతుంటే ఏ ఊరమ్మా అని అడిగినవాళ్ళు కొందరైనా ఉండి ఉండాలి. బడికెళ్తున్నావా అని అడిగినవాళ్ళు? చూడటమంటూ చూస్తే ప్రశ్న పుట్టేది. మన ఇళ్ళలో అంట్లు తోమే పిల్ల వయసెంతో అడగని అలవాటు విమానం ఎక్కి మనతోనే వచ్చింది. కులం కూడా అదే విమానంలో వచ్చింది. అగ్రకులస్థుడి ఇంట్లో పేద పిల్ల చాకిరి చేయటం మన కళ్ళకి వింతగా కనపడదు. వింతగా కనపడింది ఆ వీధిన పోతున్న పరాయి స్త్రీకి, బడిపిల్లలకి.

వార్త బయటికొచ్చాక "మన పరువు పోతోంది, దీన్ని పెద్దది చేయకండి" అన్నవాళ్ళున్నారు. వెల్వడంలో చాలామంది ఆయన్ని దాతగానే సమర్థించారని అప్పటి పత్రికలు రాశాయి. వాళ్ళనంటే ఏం లాభం, వాళ్ళ ఊరికి బడి ప్రభుత్వం కట్టి ఉంటే ఒక మనిషి దయ మీద బతికే పని ఉండేది కాదు. చదువుకున్న వాళ్ళకి ఆ సాకు లేదు. పరువు ఎవరిది? చనిపోయిన పిల్ల పరువు గురించి ఒక్కరైనా మాట్లాడారా? బర్క్‌లీలో దక్షిణాసియా స్త్రీల కోసం 1992 నుంచి పనిచేస్తున్న "నారిక" వంటి సంస్థలు ఆ పిల్లల పక్షాన నిలబడ్డాయి. యువతీ యువకులు "అలయన్స్ ఆఫ్ సౌత్ ఏషియన్స్ టేకింగ్ యాక్షన్" అని సంఘం కట్టి హోటల్ ముందు నిరసన తెలిపారు, అక్కడ తినవద్దని కరపత్రాలు పంచారు. వాళ్ళని సమాజద్రోహులన్నట్టు చూసినవాళ్ళు మనలోనే ఉన్నారు. మైలవరంలో ఇంజనీరింగ్ కాలేజీ ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది. ఏటా కొన్ని వందల మంది ఆడపిల్లలు ఆ పేరున్న సర్టిఫికెట్టు పట్టుకుని బయటికొస్తున్నారు, వాళ్ళలో కొందరు కాలిఫోర్నియాకీ వెళ్తున్నారు.

ఇదంతా చదివి "అయితే బయట తినటం మానేసి మళ్ళీ ఇంట్లోనే వండుకుందాం" అనుకునే వాళ్ళకి, ముఖ్యంగా ఆ మాటకి సంతోషించే భర్తలకి, నేను చెప్పేది అది కానే కాదు. ఇంట్లో వంట చేస్తే దోపిడీ ఆగిపోతుందా? కూలిలేని చాకిరి మళ్ళీ మన నెత్తికే వస్తుంది, అంతే. అమ్మ చేతి వంట అంటూ హోటళ్ళవాళ్ళు బోర్డులు పెట్టి అమ్ముకుంటున్నది కూడా ఆ ఉచిత చాకిరి జ్ఞాపకాన్నే. అందరికీ కలిపి వండే వంటశాలలు రావాలని, అక్కడ పనిచేసేవాళ్ళకి మంచి జీతాలుండాలని నూరేళ్ళ కిందటే స్త్రీలు కోరారు. ఆ కోరిక తప్పు కాదు. సగం నెరవేరింది, వంటశాల వచ్చింది, జీతమే రాలేదు.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. ఇంజనీర్ల వీసా మీద వచ్చిన వాళ్ళ భార్యలకి 2015 దాకా పనిచేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా అందరికీ రాలేదు, భర్త శాశ్వత నివాసం దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే. ఎం.టెక్. చదివిన అమ్మాయిలు ఇంట్లో కూర్చుని ఏం చేయాలో తోచక, కొంత డబ్బు కోసం, కొంత నలుగురి ముఖాలు చూడటం కోసం పప్పు, కూర, పులుసు డబ్బాలు కట్టి అమ్మటం మొదలుపెట్టారు. చేతికి డబ్బు తీసుకుంటే వీసాకి ముప్పు. కొన్నవాళ్ళు ఆలస్యమైనా, తక్కువిచ్చినా నోరెత్తలేని పరిస్థితి. ఇంటి వంటని చట్టబద్ధంగా అమ్ముకునే వీలు 2018లో రాష్ట్రం చట్టంగా చేసింది, అయితే ఏ కౌంటీకి ఆ కౌంటీ ఒప్పుకుంటేనే అమలు. ఈ స్త్రీలని మనం కార్మికులుగా లెక్కేసుకుంటున్నామా? డబ్బా కట్టే అక్కయ్యని పలకరించే ప్రేమ చాలానే ఉంది, ఆమె గంటకి ఎంత గిట్టుతోందో అడిగేవాళ్ళు తక్కువ.

బహిష్కరణ గురించి కూడా ఒక మాట. పసంద్ వంటి చోట బహిష్కరణ న్యాయమే. యజమాని నేరస్థుడు, పనివాళ్ళు బందీలు. కానీ ప్రతి చోటా అదే మంత్రం పనికిరాదు. యాంక్ సింగ్ కార్మికులకి కావలసింది హోటల్ ఖాళీ కావటం కాదు, అది నడవటం, తమకి రావలసింది రావటం. కార్మికులు ఏం కోరుతున్నారో తెలుసుకోకుండా బయటివాళ్ళం తిండి మానేసి పుణ్యం మూటగట్టుకుంటే నష్టపోయేది వాళ్ళే. 2020లో కరోనా మొదట్లో, ఒక్క కేసు కూడా రాకముందే అమెరికా ఊళ్ళలో చైనా హోటళ్ళు వెలవెలపోయాయి. భయంతో, ద్వేషంతో జరిగిన ఆ బహిష్కరణలో మొదట పని పోయింది గిన్నెలు తోమేవాళ్ళకి.

టిప్పు నగదుగా ఇవ్వటం మంచిదే, అది చేసినమనిషి చేతికే వెళ్తుందేమో అడగటం ఇంకా మంచిది. కానీ అది వినియోగదారుల దయాగుణానికి సంబంధించిన విషయం కాదు కాబట్టి ఆ దారి ఎక్కువ దూరం పోదు. మన చేతిలో ఇంకొకటి ఉంది. తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి, మహాసభలకి వేలమందికి భోజనాలు పెట్టిస్తాయి. ఆ కాంట్రాక్టు కోసం హోటళ్ళవాళ్ళు కమిటీ సభ్యుల చుట్టూ తిరుగుతారు. ప్లేటుకి ఎంత, స్వీటు ఎన్ని రకాలు, గోంగూర ఉంటుందా అని మూడు సమావేశాలు నడుస్తాయి. వండేవాళ్ళకి గంటకి ఎంత ఇస్తున్నారు, వాళ్ళ పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే ఉన్నాయా, వాళ్ళు ఎక్కడ పడుకుంటున్నారు అన్న మూడు ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబు ఇచ్చిన హోటలుకే కాంట్రాక్టు అని తీర్మానం చేయటానికి పది నిమిషాలు పట్టదు. సంఘాల్లో మహిళా విభాగాలున్నాయి. ముగ్గుల పోటీలతో పాటు ఈ తీర్మానం కూడా వచ్చే సర్వసభ్య సమావేశంలో వాళ్ళు పెట్టవచ్చు. లేబర్ కమిషనర్ కార్యాలయానికి ఫిర్యాదు చేయటానికి వీసా ఉందా లేదా అని అడగరన్న సంగతి తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి, భోజనాల దగ్గర వడ్డించే వాళ్ళకి, వంటశాల వెనక తలుపు దగ్గర సిగరెట్టు కాలుస్తూ నిలబడే కుర్రాళ్ళకి ఇవ్వవచ్చు. తెలుగుతో పాటు స్పానిష్‌లో కూడా వేయించాలి. మన దోసెల హోటళ్ళలో గిన్నెలు తోముతున్న వాళ్ళలో చాలామందికి వచ్చింది ఆ భాషే.